దండెం మీద పొత్తిగుడ్డలు లేని రోజు

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో మేం కిరాయికున్న ఇంటి డాబా మీద ఒకటే దండెం ఉండేది. కింది వాటాలో మేము, పై వాటాలో రాజ్యలక్ష్మి ఆంటీ వాళ్లు. సగం దండెం వాళ్లది, సగం మాది. మా సగం నిండా తమ్ముడి పొత్తిగుడ్డలే... మా పోచంపల్లి నేత చీరలు పాతబడితే నానమ్మ చింపి చేసినవి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో... బడి ఎప్పుడు నడిచేదో సార్లకే తెలియాలి. పిల్లలం కదా, మాకు మాత్రం పండగే!

ఆంటీ వాళ్లది గుంటూరు వైపు. నానమ్మకూ ఆవిడకూ ఒకటే కబుర్లు. కూర గిన్నెలు మెట్ల మీద పైకీ కిందికీ తిరుగుతూనే ఉండేవి. ఒకరోజు టీవీ ముందు మాటా మాటా పెరిగింది. "మా తెలంగాణ మాగ్గావాలె" అంది నానమ్మ. "ఇన్నేళ్ల నుంచి ఇక్కడే ఉన్నాం, మేమెక్కడికి పోవాలండీ?" అంది ఆంటీ. అంతే... గిన్నెలు ఆగిపోయాయి. మా నానమ్మ మొండిది. ఆవిడ అంతకన్నా మొండిది.

అప్పుడు తమ్ముడు నెలల పిల్లాడు. వాడికి జ్వరం తగిలింది. పాలు తాగితే కక్కేవాడు, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. మర్నాడు పొద్దున్నే నానమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి, గ్యాస్ పొయ్యి మీద పెనం పెట్టి అందులో వేసింది. "చూసినవా, జర గూడ ఘాటొస్తలేదు. ఎంత దిష్టి ఉండెనో!" అంది.

కాసేపటికి తమ్ముడు ఏడుపు మానేసి పడుకున్నాడు. నానమ్మ గెలిచినట్టు మా వైపు చూసింది. నిద్రపోయే పసిపిల్లల్ని చూడకూడదని మా ఇంట్లో పెద్ద పట్టింపు. చూస్తే దిష్టి, లేపితే మహా పాపం! నేను తొంగి చూడబోతే "జరుగు! పండుకున్న పోరన్ని చూస్తరా?" అని కసిరింది.

అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. నాన్న పనిచేసే చీరల దుకాణం ఎట్లాగూ బంద్ కాబట్టి ఆయన వంటావార్పుకు పోయాడు. అంటే మెయిన్ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అందరూ అక్కడే వండుకుని తింటూ రాకపోకలు ఆపేసేవాళ్లు.

ఎండ నడినెత్తికొచ్చింది. తలుపు తోసుకుని ఎవరో వచ్చారు... చూస్తే ఆంటీ! మాటలు మానేశాక మా గడప తొక్కడం అదే మొదలు.

"పిన్నిగారూ, పొద్దుట్నుంచీ దండెం మీద ఒక్క గుడ్డ కూడా లేదేంటండీ? పిల్లాడు తడపట్లేదా?"

నానమ్మ ముఖం తిప్పుకుంది. అమ్మే జవాబు చెప్పింది. "జ్వరముండె అక్కా. దిష్టి తీసినంక మంచిగ పండుకున్నడు. పొడిగనే ఉన్నడు, గుడ్డ మార్చే పనే పడలే."

ఆంటీ సరాసరి ఉయ్యాల దగ్గరికెళ్లి వాణ్ణి ఎత్తుకుంది. నానమ్మ "లేపకు!" అని అరిచింది. లేపితే లేస్తేగా... ఆంటీ వాడి అరికాలు గిల్లింది. వాడు కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేశాడు. మాడు మీద చెయ్యి పెడితే గుంట పడి ఉంది.

"ఇది నిద్ర కాదు పిన్నిగారూ..." అంది ఆంటీ. "నిన్న ఏడ్చినప్పుడే చూపించాల్సింది. ఇప్పుడు ఏడవడానిక్కూడా ఓపిక లేదు వీడికి. ఇంక క్షణం ఆగకూడదు. మా పెద్దాడూ ఇలాగే పడుకున్నాడు. హాయిగా నిద్రపోతున్నాడు కదాని మేమూ లేపలేదు."

ఆవిడకు ఇద్దరూ ఆడపిల్లలేనని అనుకునేవాళ్లం. పెద్దాడు అనే మాట ఆ రోజే విన్నాం. నానమ్మ లేచి, తన కొంగుతో తమ్ముడి నోరు తుడిచి, "జల్ది తీస్కపో బిడ్డా" అంది.

పిల్లల దవాఖాన మెయిన్ రోడ్డుకు అవతల. ఆటోలు లేవు, బస్సులు లేవు. తమ్ముణ్ణి హత్తుకుని ఆంటీ ముందు, అమ్మా నేనూ వెనక. రోడ్డంతా జనం... పెద్ద పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది, డప్పులు మోగుతున్నాయి. అక్కడికి రాగానే ఆంటీ నోరు కట్టేసుకుంది. గలగలా మాట్లాడే మనిషి! నోరు తెరిస్తే యాస పట్టేస్తారని ఆమె భయం. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

"ఎవరమ్మా మీరు? ఏడికి?" అని అడ్డంగా వచ్చాడు ఒకాయన.

ఆంటీ తల దించుకుంది. అమ్మ చప్పున ముందుకొచ్చింది. "మా అక్కనే. పిలగానికి పానం మీదికొచ్చింది అన్నా, దవాఖానకు తీస్కపోతున్నం."

"జరుగుర్రి! జరుగుర్రి! పసిపిలగాడు!" అని అరుపులు. ఉడుకుతున్న గంజును అట్లాగే దించి దారి ఇచ్చారు. ఆ గోలకు నాన్న పరుగెత్తుకొచ్చి, ఎవరిదో బండి అందుకుని, ఆంటీనీ తమ్ముణ్ణీ ఎక్కించుకుపోయాడు.

మేం చేరేసరికే సెలైన్ పెట్టేశారు. ఒంట్లో నీరంతా పోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పాడు డాక్టరు. సాయంత్రానికి తమ్ముడు కెవ్వుమన్నాడు. ఆ ఏడుపు వినగానే అమ్మా ఆంటీ ఒకరినొకరు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు, కళ్లల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

గిన్నెలు మళ్లీ తిరిగాయి. టీవీ ముందు కొట్లాటలూ తిరిగి మొదలయ్యాయనుకోండి! తెలంగాణ వచ్చింది. అంకుల్ రిటైరయ్యాక వాళ్లు ఊరెళ్లిపోయారు. ఫోన్ నంబర్లు మారిపోయాయి.

ఇప్పుడు మాది ఎల్బీనగర్‌లో అపార్ట్‌మెంటు. నా కూతురికి ఒళ్లు వెచ్చబడితే డాక్టరు ఫోన్లోనే కనిపిస్తాడు. మంచిదే, కాదనను. కానీ అలిగి కూడా మన ఇంటి మీద ఓ కన్నేసి ఉంచే మనిషి కోసం ప్రాణం కొట్టుకుంటుంది...

మీ గల్లీలో అట్లాంటి ఆంటీ ఎవరైనా ఉండి ఉంటే రాయండి, నాకు చదవాలనుంది.

మా తమ్ముడికి ఇప్పుడు నూనూగు మీసాలు. ఆంటీ పెద్దాడి పేరేమిటో మాత్రం... మాలో ఎవరమూ అడగనే లేదు.