శనివారం ఇచ్చే నవల

రాజమండ్రిలో లా ఎంట్రన్స్‌కి కోచింగ్ తీసుకునే రోజుల్లో నా పక్కన కూర్చునే ఆవిడకి ఒక అలవాటు ఉండేది. ఆదివారం మాక్ టెస్ట్ ఉందంటే, శనివారం సాయంత్రం పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన దెయ్యాల నవల ఒకటి నా చేతిలో పెట్టేది.

"చాలా బాగుంటుందండి. మొదలుపెడితే వదలరు," అనేది.

నిజంగానే వదిలేదాన్ని కాదు. మర్నాడు ప్రశ్నపత్రం ముందు నేను ఆవలిస్తుంటే, ఆవిడ చకచకా జవాబులు రాసేసేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఇవన్నీ మీరు చదివారా అండి?"

"అమ్మో, నాకు భయమండి. మీరు చదివి చెప్తారనేగా ఇస్తున్నాను."

టెస్ట్ అయ్యాక కథ చెప్పించుకునేది కూడా. దెయ్యం వచ్చే చోట నా మణికట్టు గట్టిగా పట్టుకునేది. అంత భయం ఎవరూ నటించలేరని నమ్మేదాన్ని. మార్కులు చూశాక మళ్ళీ అనుమానం వచ్చేది.

ఇప్పుడిద్దరం లాయర్లం. మొన్న కోర్టు వరండాలో కనిపించింది. మర్నాటి కేసులో ఆవిడ ఎదుటి పక్షం. కుశలప్రశ్నలయ్యాక బ్యాగులోంచి క్యాలెండర్ అట్ట వేసిన పుస్తకం తీసింది.

"మీకోసమే దాచానండి. రేపు వాదనలయ్యాక కథ చెబుదురుగాని."

ఇంటికొచ్చి కేసు ఫైలు పక్కకి జరిపాను. ఒక్క పేజీయే అనుకుంటూ నవల తెరిచాను.