నేను దిగితేనే నడిచిన బండి

"రోజూ పొద్దున బండికి ఒక కిక్కు కొట్టు. ఊకె నిలబెడితే పాడైతది" అన్నడు మా ఆయన, దవాఖాన మంచం మీదికెల్లి. "నువ్వే లేచొచ్చి కొట్టు, నాకేం పని" అన్న. నవ్విండు. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాట గదే. ఏడిపిద్దామని చెప్తలేను, ఆ బండి ముచ్చట చెప్పాల్నంటే ఈడికెల్లే మొదలుపెట్టాలె. (రాసేది మా తమ్ముడి బిడ్డ. నేను చెప్తుంటే పెన్ను ఆపి నవ్వుతది.)

ఆ రోజుల్లో, అంటే రెండువేలు దాటిన కొత్తల, మా దిక్కు స్కూటరున్న అల్లుడంటే కలెక్టరు లెక్క. మా ఆయన ఇల్లందుల మోటార్లకు తీగ చుట్టే షాపుల పనిచేసేటోడు. కరెంటు తను సాదుకున్న కుక్కపిల్ల అన్నట్టే మాట్లాడేటోడు, పిలిస్తే వస్తదట, పొమ్మంటే పోతదట. పెండ్లయిన ఏడాదే ఓ పాత స్కూటరు కొన్నడు. నా మొదటి బతుకమ్మకు తల్లిగారింటికి దాని మీదనే తోల్కపోతనన్నడు. తన అత్తగారూల్లె పాత బండని ఎవరన్న అంటరేమోనని, ఇంజను సుత దించి, సందు లేకుంట రామచిలుక పచ్చరంగు పూసి, మళ్ల బిగించిండు. "ఆరిందా?" అనడిగిన. "ఎప్పుడో ఆరింది, ఎక్కు" అన్నడు. నేను కొత్త పసుపుపచ్చ చీర కట్టుకొని ఎక్కిన.

మా తల్లిగారూరు భద్రాచలం దిక్కు, అడవి దాటాలె. ఆ రోజు సద్దుల బతుకమ్మ, పండుగకు ఆఖరి రోజు. పొద్దుగూకకముందే వాగు కాడికి పోవాలె. పెండ్లయినంక మొదటి బతుకమ్మను నా నెత్తి మీద నేనే ఎత్తుకోవాల్నని ఏడాది సంది ఆశ. ఆలస్యమైతే ఆడోళ్లంతా నాకోసం ఆగరు కద. అయినా అడవిల తంగేడు పూలు విరగబూసి కనబడేసరికి బండి ఆపించి, తెచ్చుకున్న కొడవలితోని మోపెడు కోసిన. ఎక్కి కూసున్ననో లేదో, బండి బుడ్డుమని ఆగింది.

మా ఆయన కిక్కు మీద కిక్కు కొట్టిండు. ఊహూఁ. "నువ్వు దిగు" అన్నడు. దిగిన. ఒక్క కిక్కుకు అందుకున్నది. "ఎక్కు." ఎక్కిన, ఆగింది. దిగిన, నడిచింది. ప్లగ్గు ఊడదీసి బనీనుకు తుడిచి ఊది పెట్టిండు, గదే కథ. హారన్ నొక్కితే దమ్మొచ్చిన ముసలాయన లెక్క మూలిగింది. మా ఆయన నడుం మీద చెయ్యి పెట్టి నన్ను కిందికెల్లి మీదిదాంక చూసిండు. "పొద్దుగాల ఏం తిన్నవే?" అన్నడు. "పెండ్లాన్ని కాదు, నీ బండిని చూస్కో" అన్న. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి గని బయట పడలే.

ఆఖరికి ఆయన బండి మీద, నేను నెత్తి మీద పూలమోపుతోని వెనక నడక. ఎదురుంగ విస్తర్లు కుట్టే అడ్డాకుల మోపెత్తుకొని ఒక ముసలవ్వ వచ్చింది. "ఏం పిలగా, నువ్వేమో సవారి, పెండ్లామేమో కూలిదా?" అన్నది. "ఏం జెయ్యాలె అవ్వా, ఈమె ఎక్కితే ఆగుతున్నది." "గట్లనా? జరుగు, నేనెక్కి చూస్త." ఎండు కట్టె లెక్కున్న మనిషి, ఆకులమోపుతో సహా వెనక సీటెక్కింది. బండి ఠక్కున ఆగింది! నేను నడి రోడ్డు మీద చప్పట్లు కొట్టిన. "నా బరువు కాదు! చూసినవా, నా బరువు కాదు!"

నాకు కరెంటు తెల్వదు గని, మొగని మీద గెలిచినంక ఊకుంటనా? బండి పక్కన గొంతుక్కూసుని అవ్వను దిగమన్న, ఎక్కమన్న. ఎక్కినప్పుడల్లా బండి కిందికి కుంగుతున్నది, ఇంజను కాడికెల్లి బాడీకి బిగించిన నల్లతీగ బోల్టు కాడ జరుగుతున్నది. "ఏందయ్యా గా తీగ? కూసుంటే ఊడినట్టయితున్నది, లేస్తే అంటుతున్నది." ఆయన వంగి చూసిండు. "ఎర్త్ తీగ" అన్నడు మెల్లగ. పోయిన కరెంటు తిరిగి ఇంజనుకు రావాల్నంటే అదే దారట. ఆ దారి మీద మా ఆయన దిట్టంగ పచ్చరంగేసి, దాని మీద తీగ బిగించిండు. రంగులకెల్లి కరెంటు పోదట. బోల్టు బిగువున్నంతసేపు ఎట్లనో నడిచింది, గుంతల రోడ్డుకు వదులైంది. "ఎవలేసిన్రు రంగు?" అన్నది అవ్వ. "నేనే అవ్వా." "అందంగనే ఏసినవ్ బిడ్డా" అన్నది.

కొడవలితోని ఇనుము మెరిసేదాంక గీకి, బోల్టు బిగించి, కిక్కు కొట్టిండు. ఎక్కిన. ఆగలే! హారన్ కొడితే చెట్ల మీద పిట్టలన్నీ లేచిపోయినయి. ఊరు చేరేసరికి ఆడోళ్లు వాగు దిక్కు పోతున్నరు. అందరికన్న వెనక మా అమ్మ బతుకమ్మ పట్టుకొని, కాల్ల ముల్లు గుచ్చుకున్నట్టు కుంటుకుంట నడుస్తున్నది (ముల్లు లేదు గిల్లు లేదు, నా కోసం). హారన్ ఇని తిరిగి చూసి, నా నెత్తికి బతుకమ్మ ఎత్తింది. నేను రాణి లెక్క ముందల నడుస్తుంటే వెనక అందరూ పకపక నవ్వుడే. నా పసుపుపచ్చ చీర వెనక అరచెయ్యంత రామచిలుక పచ్చ! "మా అల్లుడు ముద్రేసి తోల్కొచ్చిండు" అన్నది మా అమ్మ.

ఇప్పుడు ఆ రంగు సగం పోయింది. రోజూ పొద్దున కిక్కు నేనే కొడుతున్న. మొన్న అందుకోకపోతే, వంగి ఆ తీగ కాడ తుప్పు నేనే గీకిన. అందుకున్నది. ముంగట ఎవలూ లేరు గని హారన్ కూడా కొట్టిన. ఆనాడు రోడ్డు మీద చప్పట్లు కొట్టిన ఆ పసుపుపచ్చ చీర పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. పిచ్చిది, అది గెలిచిందనుకున్నది. ఆఖరికి కిక్కు కొట్టే పని దాని మీదనే ఏసిపోయిండు.

ఇగ చాలు బిడ్డా. నవ్వుడాపి, ఆ అడ్డాకుల అవ్వ మాట సరిగ్గ రాసినవో లేదో, మొదటికెల్లి ఒక్కసారి చదివి వినిపియ్యి.