ఎటో పోయిన ఎలక్ట్రాన్

నాచారంలో ఒక ఫ్యాక్టరీ లెక్కలు సరిచూడటం నా వృత్తి. కనుక ఇంటర్ చదివే మా అమ్మాయి కెమిస్ట్రీలో రాసే రెడాక్స్ సమీకరణాలనూ నేనే సరిచూశాను. అటూ ఇటూ రాగి ఒకటి, వెండి ఒకటి ఉండగా వెండికి రెండెందుకని ఆమె వేసిన అంకెను కొట్టించాను. పరీక్షలోనూ అలాగే రాయడంతో మార్కులు పోయి, మంచి సెక్షన్ చేజారే స్థితి వచ్చింది. న్యాయం కోసం అమ్మాయిని వెంటబెట్టుకుని ఉప్పల్‌లోని కాలేజీకి వెళ్లి, తల్లిదండ్రులందరి ముందు లెక్చరర్‌ను నిలదీశాను.

“రాగి రెండు ఎలక్ట్రాన్లు ఇడుస్తది, ఒక్క వెండి ఒక్కటే తీసుకుంటది. రెండోది ఎటు వోయింది సార్?” అన్నారు లెక్చరర్ నాతో. అమ్మాయి వైపు తిరిగి, “గిట్ల ఎవరు నేర్పిన్రు బిడ్డా?”



“నేనే తొందరల రాసిన సార్,” అంది అమ్మాయి.

ఇది సరిగ్గా చేస్తే సెక్షన్ ఉంటుందంటూ ఆయన బోర్డు మీద మరో సమీకరణం ఇచ్చారు.

“డాడీ, నువ్వు జర బయట కూసో.”

కూర్చున్నాను. నా సహాయం అందకపోవడం వల్ల సెక్షన్ నిలబడింది.