అవ్వ నడుము మీద నా కాలు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసిన చోట పాదాలు వచ్చాయట. తమిళనాడులో మా నాగలాపురం వైపు అలా పుట్టినవాళ్ళ కాలు తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని నమ్మకం. అందుకని నాకు ఊహ తెలిసేటప్పటికే ఊళ్ళో నా కాళ్ళకు మంచి గిరాకీ. నేను పళ్ళు తోముకోకముందే ఎవరో ఒకరు మా గడప ముందు బోర్లా పడుకుని ఉండేవారు. ఎడమకాలితో మూడుసార్లు తొక్కాలి, అలా మూడు ఉదయాలు. తగ్గినవాళ్ళు కోవిల్‌పట్టి పోయినప్పుడు వేరుశనగ మిఠాయి తెచ్చిపెట్టేవారు. తగ్గనివాళ్ళు మళ్ళీ వచ్చేవారు కాదు. దాంతో నేను తొక్కితే పోని నొప్పే లేదని నాకూ నమ్మకం కుదిరింది. పెద్దవాళ్ళ వీపు మీద కాలు పెట్టే భాగ్యం ఏ పిల్లకు దొరుకుతుంది? పొగరు కూడా ఉండేది, ఒప్పుకుంటాను.

నాకు పదకొండేళ్ళప్పుడు మా అవ్వ, అంటే నాయనకు తల్లి, చేలో మినుము పీకుతూ పీకుతూ నడుము పట్టుకుని కూలబడిపోయింది. ఇంట్లోనే వైద్యం ఉండగా ఆస్పత్రికి ఎవరు పోతారు? నేనే తొక్కాను. మన అవ్వే కదా అని కొంచెం గట్టిగానే తొక్కాను. మూడో ఉదయం ఆమె గొంతులోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది. నేను కాలు తీశాను. "తొక్కు పాపా, సరయితా ఉండాది" అంది. మళ్ళీ తొక్కాను. నాలుగో రోజు ఆమె లేచి కూర్చోలేకపోయింది.

నాయన, నేను ఆమెను కోవిల్‌పట్టి ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, వెన్నుపూస ఒకటి నలిగిందని చెప్పింది. ఎవరైనా నడుము తొక్కారా అని అరవంలో అడిగింది. నేను ఎడమకాలు వెనక్కి లాక్కున్నాను. అవ్వ నా వైపు చూడకుండానే, లేదమ్మా, చేలో జారిపడ్డాను అని అరవంలో జవాబిచ్చింది. నేను నోరు తెరవబోతే మా ఇంటి మాటలో, "సుమ్మా ఉండు పాపా. ఆయమ్మకి ఇదంతా యాల?" అని ఆపేసింది.

తరువాత కొన్ని నెలలు అవ్వను అదే ఆస్పత్రిలో ఫిజియోథెరపీ గదికి తిప్పాం. అక్కడి ఆవిడ చేతులు కడుక్కుని, రెండు వేళ్ళతో అవ్వ వెన్ను పొడవునా ఒక్కొక్క పూసా తడుముతూ, ఇక్కడా, ఇక్కడా అని అడుగుతూ దిగేది. నొప్పి ఉన్నచోటికి రాకముందే ఆ వేళ్ళు నెమ్మదించేవి. చర్మం కింద ఏముందో తెలిసిన వేళ్ళవి. నాకు ఆ వేళ్ళు కావాలనిపించింది. అంతకు ముందు గాని, ఆ తరువాత గాని నేను దేన్నీ అంతగా కోరుకోలేదు. ఆ చదువు చదివితే ఆ ఫిల్మును నేనే కిటికీకి ఎత్తి చూడవచ్చు. పూస నా కాలి కింద నలిగిందో, అంతకు ముందే చేలో నలిగిందో నేనే తెలుసుకోవచ్చు.

ఇంక ఎవరినీ తొక్కనన్నాను. దానికి కళ్ళు నెత్తికెక్కాయని ఊళ్ళో అనుకున్నారు. అననీ అని బయాలజీ పుస్తకంలో తలదూర్చాను. ప్లస్ టూలో మార్కులు బాగానే వచ్చాయి. ఫిజియోథెరపీ సీటు కోసం కౌన్సెలింగుకు రమ్మని ఉత్తరం వచ్చిన వారమే అవ్వ పూర్తిగా మంచం పట్టింది. అమ్మ, నాయన తెల్లవారితే చేలో ఉండాలి. "ఈ యేడు పోనీ పాపా, వచ్చే యేడు సేరుదువు" అన్నాడు నాయన. ఆయన బలవంతమేమీ లేదు. ఆ నడుమును అలా వదిలిపెట్టి పోవడానికి నాకే మొహం చెల్లలేదు. వచ్చే యేడు అయిదేళ్ళయింది.

ఆ అయిదేళ్ళూ అవ్వను లేపి కూర్చోబెట్టింది, ఒళ్ళు తుడిచింది నేనే. తొక్కిన సంగతి ఆమె ఒక్కసారీ ఎత్తలేదు. ఒకరోజు నూనె రాస్తుంటే, "నీ సెయ్యి బాగుండాది పాపా. సదివుంటే ఇంకా బాగుండును" అంది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. ఆ ఎండాకాలమే ఆమె పోయింది. అప్పటికి ఇంటికి నా చదువు కంటే నా జీతం అవసరమైంది.

ఇప్పుడు విరుదునగర్‌లో ఒక ఆస్పత్రిలో ఓపీ చీటీలు రాస్తాను. రోజూ కోవిల్‌పట్టి నుంచి బస్సు. ఏం కష్టం అని అందరినీ అడిగేది నేనే, విని ఏదైనా చేసేది మాత్రం లోపలివాళ్ళు. మధ్యాహ్నం బువ్వ డబ్బా పట్టుకుని ఫిజియోథెరపీ గదిలోకి పోతాను. అక్కడ ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి ఉంది. ఎవరూ లేకపోతే దాని వెన్ను మీద రెండు వేళ్ళు పెట్టి కిందికి దిగుతాను. పూసల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు.

పోయిన నెల అటక మీది అవ్వ ఎక్స్‌రే ఫిల్మును సంచిలో పెట్టుకుని తెచ్చాను. ఫిజియోథెరపీ గదిలో శిక్షణకు వచ్చిన విద్యార్థిని ఒకతె ఉంది, నాకంటే పదేళ్ళు చిన్నది. మా ఊరి ముసలామెది, ఒక్కసారి చూడమ్మా అని ఇచ్చాను. ఆమె దాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుంది. పదకొండేళ్ళ పిల్ల ఒకతె మూడు రోజులు ఈ నడుము తొక్కింది, అందుకే నలిగిందా అని అడిగాను.

ఆమె చాలాసేపు చూసింది. ఎముకలు ముందే గుల్లబారి ఉన్నాయని, తొక్కకముందే నలిగిందో, తొక్కినందుకే నలిగిందో ఈ ఒక్క ఫిల్ముతో ఎవరూ చెప్పలేరని అంది.

ఎవరూ చెప్పలేరట. ఇన్నేళ్ళూ ఆ జవాబు కోసమే చదవాలనుకున్నానని నా లెక్క. జవాబే లేదని తేలాక ఆ కోరికా చల్లారాలి కదా. చల్లారలేదు. ఫిల్మును పట్టుకున్న ఆమె వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

"ఆ తొక్కిన పిల్ల ఇప్పుడేం చేస్తోంది అక్కా?" అని అడిగిందామె.

"ఫిజియోథెరపీ చదవాలనుకుంటోంది" అన్నాను. "ముప్పై దాటాయి. చేర్చుకుంటారా?"