ఎర్ర తోలు కట్టిన కాగితం

గుడియాత్తంలో మా బూట్ల ఫ్యాక్టరీ శాఖలో ఇరవై ఏళ్లుగా కాగితాలు చూసుకునేది నేనే. కట్టలకు దారం వాడేవాణ్ణి కాదు. కోత గదిలో మిగిలిన తోలు ముక్కల్ని సన్నగా చీల్చి వాటితో కట్టేవాణ్ణి. సెలవు చీటీలకు నల్లది, కొత్తగా పనిలో చేరినవాళ్ల కాగితాలకు గోధుమరంగుది, మిషను దగ్గర ఎవరికైనా దెబ్బ తగిలితే ఎర్రది. ఈ గుర్తులు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక నాతో పనేముంటుంది?

అందుకే వేలూరు పెద్దాఫీసు నుంచి ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌తో దిగగానే నాకు అనుమానం వచ్చింది. అన్ని శాఖల్లో పాతవీ కొత్తవీ కాగితాలన్నీ స్కాన్ చేసి, ఒక్కోదానికి అది దేని గురించో చెప్పే ఒక మాట, ట్యాగు, పెట్టాలట. అదీ వాళ్లిచ్చిన మాటల పట్టికలోంచే. ఆలంగాయం శాఖలో ఒకరికి దెబ్బ తగిలినా మా దగ్గర తగిలినా కాగితానికి "ప్రమాదం" అనే ఉండాలి. అప్పుడు వేలూరులో కూర్చుని ఎవరైనా వెతుక్కోవచ్చు.

"ఇంక మీకు ఊరికే ఫోన్లు చేసి విసిగించం సార్," అంది నవ్వుతూ.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఫోన్లు రాని గుమాస్తాను ఎన్నాళ్లు ఉంచుకుంటారు? పైగా ప్రతి ట్యాగు పక్కన, పెట్టినవాడి పేరు దానంతటదే పడుతుంది. రేపు ఏదైనా తేడా వస్తే నా మెడకు చుట్టడానికే అనుకున్నాను.

ఎదురు చెప్పలేదు. బుద్ధిగా తలూపి, స్కాన్ చేసిన ప్రతి కాగితానికీ "సాధారణం" అని పెట్టాను. పట్టికలో ఉన్న మాటే కదా, తప్పు పట్టలేరు. ఏది కావాలన్నా మళ్లీ నన్నే అడగాలి. నెలలు గడిచినా ఎవరూ అడగలేదు. అదీ నాకు అనుమానంగానే ఉండేది.

ప్రెస్సు మిషను మీద పనిచేసే ఒకావిడకు ఈ ట్యాగులు రావడానికి రెండేళ్ల ముందు వేళ్లు నలిగాయి. చేతికి పట్టు చిక్కడం లేదని, కూర్చుని చేసే పనికి మార్చమని అర్జీ పెట్టుకుంది. వేలూరులో "ప్రమాదం" ట్యాగుతో వెతికారు. ఆమె పేరు రాలేదు. దెబ్బ ఫ్యాక్టరీలో తగిలినట్టు ఆధారం లేదు, పాత పని చేయలేకపోతే మానుకోవచ్చని ఉత్తరం వచ్చింది. దాన్ని పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చింది. ఆమెకు తెలుగూ తమిళమూ మాట్లాడటమే గాని చదవడం రాదు. నేనే చదివి వినిపించాను.

"కాగితం లేదంటారేందప్పా? నువ్వు ఎర్ర తోలు కట్టినావు గదా. నేను ఈడనే నిలబడి చూసినాను."

"ఉండమ్మా, వెతకతాను."

"యాడని వెతికేది? నీ కండ్లు ఆ బీరువా కల్లే పోతా ఉండాయి."

ఆమె చూసిన చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ పెద్దాఫీసును నేను చూసింది అలాగే. లేచి బీరువా తెరిచి, ఎర్ర తోలు కట్టిన ఆమె కాగితం బయటికి తీశాను.

మర్నాడు మొదటి బస్సుకే ఆ కాగితం తీసుకుని వేలూరు వెళ్లాను. ఆ అమ్మాయి చదివి, అక్కడికక్కడే ట్యాగు మార్చింది. తర్వాత మా శాఖ కాగితాలన్నీ తెర మీదకు తెచ్చింది. వరుసగా నా పేరు, నా పేరు, దాని పక్కన "సాధారణం". గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడగకముందే నేనే మొదలుపెట్టాను, పని ఒత్తిడిలో పొరపాటు జరిగిందని.

"అన్నీనా సార్?" అంది.

ఆవిడకు కూర్చుని చేసే పని ఇచ్చారు. నన్ను ఏమీ అనలేదు. దాని వెనక ఏముందోనని కొన్నాళ్లు నిద్ర పట్టలేదు. ట్యాగులన్నీ ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చాను.

మొన్న ఆవిడే సెలవు చీటీ తెచ్చింది. తెర ఆమె వైపు తిప్పి, "సెలవు" అని పెట్టి చూపించాను.

"అదేం రాసినావో నాకేం తెలుస్తాదప్పా. ఆ నల్ల తోలు గూడా కట్టు, చూసి పోతాను."

కట్టాను. రెండో ముడి పడేదాకా ఆమె కదల్లేదు. నల్లది సెలవులకని నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.