మందలించి అడిగే మేడం

మొన్న పొద్దున జనగామ నుంచి మేడం వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగింది, పేపరు చదివింది, కుర్చీల్నే ఒరిగింది" అంది. ఆవిడ గొంతులో ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వినిపించింది. ఆ ఇంటి ఆడవాళ్ళకు దుఃఖం వస్తే ముందు కోపమే వస్తుంది. మర్నాడు పేపర్లో చిన్న వార్త వేశారు. అందులో మేడంను సౌమ్యశీలి అన్నారు. మేడం సౌమ్యశీలి ఏమిటండీ! బతికి ఉంటే ఆ విలేకరిని ఇంటికి పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, ఆ మాట ఎక్కడ దొరికిందని అడిగి ఉండేది. ఆ పని ఇప్పుడు నేను చేస్తున్నాను.

ఆమె మాకు వృక్షశాస్త్రం చెప్పింది. మానుకోట నుంచి రైల్లో వచ్చి చదువుకున్న నేను, తర్వాత అదే విశ్వవిద్యాలయంలో ఆమె పక్క గదిలో పాఠాలు చెప్పాను. ఆమె పాఠాల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది వేరే సంగతి. విశ్వవిద్యాలయం పని మీద వెళ్ళిన బండి ఎక్కడైనా బోల్తా పడినా, దేన్నైనా గుద్దినా, ఎందుకు జరిగిందో తేల్చడానికి మా దగ్గర ఒక కమిటీ ఉండేది. అందులో ఆమె పాత సభ్యురాలు. నేను కొత్తగా చేరాను. ఆ కమిటీకి ఒక అలవాటు ఉండేది. బిస్కెట్లు తినడం, చాయ్ తాగడం, "డ్రైవరు నిర్లక్ష్యం" అని రాసి సంతకాలు పెట్టి లేవడం. తెచ్చిన బిస్కెట్లు అయిపోకముందే ఒక మనిషి ఉద్యోగం అయిపోయేది.

నేను చేరాక వచ్చిన మొదటి విచారణ డ్రైవరు సమ్మయ్యది. భూగర్భశాస్త్రం పిల్లలను జీపులో భూపాలపల్లి వైపు తీసుకువెళ్తుంటే ఘనపూర్ దాటాక మలుపులో జీపు పొలంలోకి పల్టీ కొట్టింది. ఒక పిల్లవాడికి కాలు విరిగింది. సమ్మయ్యకు తల పగిలింది. కట్టు విప్పకుండానే అతన్ని విచారణకు పిలిచారు. తప్పు అతనిదేనని తేలితే ఇంటికి పంపేస్తారని అందరికీ తెలుసు.

సమ్మయ్య లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేడం లేచింది. గోడ దగ్గరున్న కుర్చీని తనే ఈడ్చుకొచ్చి బల్ల ముందు వేసింది.

"కూసో సమ్మయ్యా."

"వద్దమ్మా, నిలవడ్తా."

"కూసోమంటున్న. నిలవెట్టి అడిగితె గిది గడి అయితది. కూసోవెట్టి అడిగితెనే ఇచారణ."

కమిటీ అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. గడి అంటే దొరగారి కోట అని ఆయనకు తెలుసు. తనను ఎవరితో పోల్చిందో కూడా అర్థమైంది. సమ్మయ్య కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

రవాణా విభాగం అధికారి కోస్తా నుంచి వచ్చినవాడు. అంతకుముందే సమ్మయ్య చెప్పింది రాయించుకుని, దాని మీద తన నిర్ణయం కూడా రాసుకొచ్చాడు. పైకి చదివాడు. "ఘనపూర్ల పిలగాండ్లను ఒక్కొక్కల్ని మందలిచ్చి బండి తీసిన" అని సమ్మయ్య మాట. దాని కింద అధికారి మాట: డ్రైవరు విద్యార్థులందరినీ మందలించాడు, అంటే వాళ్ళతో గొడవపడ్డాడు, ఆ ఆవేశంలో బండి నడిపి ప్రమాదం చేశాడు.

మేడం ముందు నవ్వింది. తర్వాత ఆమె ముఖం ఎర్రబడింది.

"సార్, జర గిటు చూడుండ్రి. ఎట్లున్నరు? పొద్దుగాల తిన్నరా? ఇంట్ల పిల్లలు మంచిగున్నరా?"

అధికారి తికమకపడ్డాడు. "బాగానే ఉన్నామండీ. ఎందుకు?"

"ఇప్పుడు మిమ్ముల మందలిచ్చిన. మా దిక్కు మందలిచ్చుడంటె గిదే. తిట్టుడు గాదు, బాగోగులు అడుగుడు. పిలగాండ్లు తిన్నరా లేదా అని అడిగి బండెక్కించిన మనిషిని మీరు కొట్లాటకోరును జేస్తిరి. మా మాట సినిమాలల్ల నవ్వుడానికైతె ఎరుకైతది, మనిషి నౌకరి తీసేటప్పుడు ఎరుక గాదా?"

సమ్మయ్య తల వంచుకుని కట్టు మీద చెయ్యి పెట్టుకున్నాడు. విచారణ వారానికి వాయిదా పడింది.

బయటికి వచ్చాక, ఇంత ధైర్యం ఎక్కడిది మేడం అని అడిగాను. ఆమెకు ఆ ప్రశ్న నచ్చలేదు. ధైర్యమంటే పెద్ద ఘనకార్యంలా మాట్లాడకు అంది. కానీ నడుస్తూ నడుస్తూ చెప్పింది.

ఆమెది కొడకండ్ల దగ్గర ఊరు. వాళ్ళ నాయినకు ఎడ్లబండి ఉండేది. బండి ఉంటే దొరకు వెట్టి చెయ్యాలి. ఇరుసు పగిలింది, బాగు చేసినంక వస్తనని ఆయన చెప్పినా వినకుండా, గడి నుంచి ధాన్యం బస్తాలు ఎక్కించి జనగామ స్టేషనుకు తోలమన్నారు. వాగులో బండి ఒరిగి బస్తాలు తడిశాయి. ఆయనను గడికి పిలిచి, ఎందుకు ఒరిగిందని ఒక్కరైనా అడగకుండా, వీపు చిట్లేదాకా కొట్టారు. కొన్నాళ్ళకు ఊళ్ళోకి, దొరల మీద తిరగబడ్డ సంగం వచ్చింది. తుపాకులు భుజాన వేసుకున్న మనుషులు జనాన్ని పోగుచేసి కూర్చోబెట్టారు.

"వాళ్ళల్ల ఒకాయిన మా నాయిన పక్కకచ్చి కూసున్నడు. ముందుగాల మందలిచ్చిండు. 'ఎట్లున్నవే అన్నా, దెబ్బలు మానినయా?' అన్నడు. అటెన్క అడిగిండు. 'ఇరుసు వలిగిన బండిని తోలుమన్నదెవరే?' అన్నడు. నేను నాయిన ఒడిల కూసొని ఇన్న. మమ్ముల ఏదన్న అడుగుడు గదే మొదలు. నాయిన ఏడ్సిండు. కని మళ్ళ వెట్టికి బండి కట్టలే. నాకు ఇచారణ నేర్పింది గాయిన."

రెండో విచారణలో ఆమె ఒకటే అడిగింది. "గీ జీపును పంపింది ఎవరు?" జీపు స్టీరింగు పక్కకు గుంజుతున్నదని, బయలుదేరే ముందే చెప్పానని సమ్మయ్య అన్నాడు. ఏం కాదు పో అన్నది ఎవరో కూడా అతను చెప్పనక్కర లేకపోయింది. రవాణా అధికారి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "అది మన కమిటీ పరిధిలోకి రాదమ్మా."

"అట్లనా? అయితె నా సంతకం గుడ మీ పరిధిలకు రాదు."

"త్వరలో మీ విభాగం బాధ్యత మీకు రావలసి ఉంది. ఆలోచించుకోండి."

"ఆలోచించుడు అయిపాయె సార్. జీపు పడ్డ జాగ చూసొద్దాం పాండ్రి. సమ్మయ్యనే నడుపుతడు."

నేను ఆమె పక్కన కూర్చుని ఉన్నాను. నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. ఆమె మాత్రం బిస్కెట్ల పళ్ళెం సమ్మయ్య ముందుకు జరిపింది.

ఫలితం ఇప్పుడే చెప్పేస్తాను. ఆమె సంతకం లేక ఆ నివేదిక ముందుకు కదల్లేదు. సమ్మయ్య ఉద్యోగం నిలిచింది. పంపినాయనకు ఏమీ కాలేదు. మేడంకు విభాగం బాధ్యత రాలేదు, తర్వాత ఏ కమిటీలోనూ ఆమె పేరు కనిపించలేదు. ఆమెకు అన్యాయం జరిగిందని సభల్లో ఎవరైనా బాధపడితే ఒప్పుకునేది కాదు. "నాకేం అన్యాలం గాలే. నేను సంతకం పెట్టలే, వాళ్ళు కుర్చీ ఇయ్యలే. సాఫ్ అయిపాయె" అనేది. నేను మాత్రం ఈనాటికీ ఒప్పుకోను. అది అన్యాయమే. ఆమె పోయాక సౌమ్యశీలి అని రాసి దాన్ని ఎవరూ కప్పెట్టడానికి వీల్లేదు.

జాగ చూడడానికి బయలుదేరిన రోజు కమిటీ అంతా పోర్టికోలో నిలబడింది. బాగుచేసిన వేరే జీపు వచ్చింది. స్టీరింగు ముందు సమ్మయ్యను చూసి ఒకరికి ఫోన్ రావలసి ఉందని గుర్తొచ్చింది, ఇంకొకరికి నడుం నొప్పి వచ్చింది. మేడం చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ముందు సీట్లో, అతని పక్కన ఎక్కి కూర్చుంది. వెనక నేనొక్కణ్ణే.

"అమ్మా, నా చేతులు ఒణుకుతున్నయ్" అన్నాడు సమ్మయ్య.

"ఒణకనియ్. మెల్లగ వోదాం."

దారంతా అతని పెళ్ళాం సంగతి, పిల్లల సంగతి, మిరప చేను సంగతి అడుగుతూనే ఉంది. ఘనపూర్ దాటింది. మలుపు వచ్చింది. పక్క పొలంలో నలిగిన పైరు ఇంకా లేవలేదు. సమ్మయ్య గేరు తగ్గించాడు. మేడం అడుగుతూనే ఉంది. జీపు మలుపు తిరిగి తిన్నటి రోడ్డు మీదికి వచ్చింది. సమ్మయ్య గట్టిగా హారన్ కొట్టాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.