మా బడి కోర్టులో ముద్దాయిని నేనే

మా చిన్నప్పుడు ఒకసారి బడిలో కోర్టు పెట్టారు... రెండు బెంచీలు అడ్డంగా వేస్తే అదే బోను. హెడ్మాస్టర్ గారి కుర్చీ తెచ్చి వేస్తే అదే జడ్జి స్థానం. మోతె దగ్గర మా ఊరి హైస్కూల్లో, ఎనిమిదో తరగతిలో సోషల్ సార్ ఇచ్చిన గ్రూప్ ప్రాజెక్టు అది. పేరెంట్స్ మీటింగ్ రోజు అందరి ముందు చేసి చూపించాలి.

వేషాలు పంచడానికి సార్ పెద్దగా ఆలోచించనే లేదు. జడ్జి... ఊళ్లో భూములన్నీ ఉన్న పటేల్ గారి అబ్బాయి నవీన్. ముద్దాయి... నేను.

"మీకు గొర్లున్నయి గదనే, కేసు అల్కగ దొరుకుతది" అన్నారు నవ్వుతూ. గొర్రెలు పొలంలో పడి మేసిన కేసు!

ఒళ్లు మండింది. కానీ లోపల ఒక ఆశ కూడా పుట్టింది... ఎందుకంటే ఆ కేసు మా ఇంట్లో నిజంగా జరిగిందే. ఆ యాసంగిలో ఎరువు కోసం పటేల్ గారే మా మందను తన పొలంలో పడుకోబెట్టమని పిలిచారు. తెల్లవారుజామున ఆయన జీతగాడు కంచె తీసి మళ్లీ వేయడం మరిచిపోతే, గొర్రెలు పక్కనే ఉన్న పటేల్ గారి మడిలోకి పోయి వరి మేశాయి. పంచాయితీలో మా నాయన ఆ సంగతి ఎత్తనే లేదు. చేతులు జోడించి "తప్పైంది పటేలా" అని దండుగ కట్టి వచ్చాడు. మా వాళ్ల పద్ధతే అది... తప్పు ఎవరిదైనా గొర్రెలు మావి, కాబట్టి తప్పూ మాదే.

నా తరఫు లాయర్ సైదులుకు ఇదంతా చెప్పాను. వాడు రోజూ ఇంటర్వెల్లో కూర్చుని వాదన బట్టీ పట్టాడు. తప్పు మాది కాదని ఒక్కసారి... నాయన వింటుండగా, నలుగురిలో గట్టిగా ఎవరైనా అనాలి. నాకు కావలసింది అంతే.

ఆ రోజు నాయన మందను అమ్మకు అప్పజెప్పి, భుజాన గొంగడితో వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. నన్ను బోనులో నిలబెట్టారు. ప్రాసిక్యూటర్ పిల్ల చేయి చాపి "ఈ ముద్దాయి గొర్రెలే పంటను నాశనం చేశాయి" అంది. నవీన్ డస్టర్‌తో బల్ల మీద కొట్టి, "ముద్దాయి తప్పు ఒప్పుకుంటుందా?" అని అడిగాడు.

నేను "లేదు" అనేలోపే వెనక నుంచి నాయన లేచాడు. రెండు చేతులూ జోడించి...

"తప్పైంది చిన్న పటేలా! పిల్లకేం ఎరుక లేదు, దాన్ని ఇడిసిపెట్టున్రి. ఏం దండుగేస్తె అది నేను కడ్త."

హాలంతా ఒకటే నవ్వు. సార్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నవీన్‌కు ఇంకా హుషారొచ్చి, "తండ్రే ఒప్పుకున్నాడు, కేసు ఖతం" అని మళ్లీ బల్ల కొట్టాడు. సైదులు తన వంతు కోసం నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. వాడి వాదన ఎవరూ వినలేదు... పైగా చాలా సహజంగా చేశామని మా గ్రూపుకే ఫస్ట్ ప్రైజు ఇచ్చారు!

ఇంటికి వెళ్లే దారిలో ఏడుస్తూ అరిచాను... "అది నాటకం నాయినా!"

నాయన గొంగడి భుజం మార్చుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు... "నాటకమే గావచ్చు బిడ్డా. గాడ కుర్సీల కూసున్నది పటేల్ కొడుకే గద."

ఇప్పుడు నాయన లేడు, మంద లేదు. పొలాలకు యూరియా బస్తాలు వస్తున్నాయి, గొర్రెలను పిలిచేవారు లేరు. మిర్యాలగూడలో మా అమ్మాయి స్కూల్లోనూ మొన్న ఇలాంటి కోర్టే పెట్టారు, కిరాయికి నల్లకోట్లు కూడా తెచ్చారు. వేషాలకు చీటీలు వేశారట... జడ్జి వేషం మాత్రం ముందే ఖరారైందట.

మీ బడిలోనూ ఇలాంటి కోర్టు పెట్టే ఉంటారు. జడ్జి ఎవరో నాకు వద్దు... బోనులో ఎవరిని నిలబెట్టారో, వాళ్ల పేరు చెప్పండి.